ఆవిరికి వాసన ఉండాలి

గొడవ మొదలైంది ఒక ప్లాస్టిక్ సీసా దగ్గర.

మా చిన్నది పొద్దున్నే పాన్‌కేక్ మీద సిరప్ పోసుకుంటుంటే మావయ్యగారు చూసి, "ఏటే అది, పానకంలా ఉంది?" అన్నారు. ఆయన అనే పానకం శ్రీరామనవమి పానకం కాదు. చెరకు రసం కాచి, ఇంకా బెల్లం కట్టకముందే తీసేసిన చిక్కటి పాకం. మా అత్తారి వైపు దిబ్బరొట్టెలోకి, అట్లలోకి అదే. "ఇది మేపుల్ చెట్టులోంచి వస్తుంది తాతా" అంది చిన్నది గొప్పగా. ఆయన సీసా వెనక్కి తిప్పి నా చేతికిచ్చి చదవమన్నారు. చదివాను. మొక్కజొన్న సిరప్, రంగు, వాసన కోసం ఇంకేదో. చెట్టు ఊసే లేదు. "మరేటి, మొక్కజొన్న చెట్టా?" అని ఆయన నవ్విన నవ్వుకి మా పిల్లకి పౌరుషం వచ్చి, నిజం చెట్టుని చూపించి తీరాలని కూర్చుంది.

మావయ్యగారిది అనకాపల్లి దగ్గర మునగపాక వైపు పల్లె. నలభై ఏళ్లు చెరకు పండించి, గానుగ ఆడించి, సొంత పెనంలో బెల్లం వండిన మనిషి. ఇక్కడ అమెరికాలో, నాషువాలో ఇండియన్ స్టోర్‌కి వెళ్లినా నేరుగా బెల్లం దగ్గరికే. పొట్లం వెలుతురుకి ఎత్తి చూసి "ఇంత పసుపా? హైడ్రోస్ కొట్టేరు" అని, రంగు తేల్చే మందు కలిపారన్న అనుమానంతో పక్కన పెట్టేసేవారు. అలాంటాయన్ని ఫిబ్రవరిలో తీసుకొచ్చి హీటర్ పక్కన కూర్చోబెట్టాం. పక్కింటివాళ్లు కారు మీద మంచు గీకుతుంటే కిటికీలోంచి చూడటమే ఆయనకి కాలక్షేపం.

మేముండే న్యూ హాంప్‌షైర్‌ రాష్ట్రంలో, మేపుల్ చెట్ల నుంచి కారే తీపి నీళ్లు మరిగించి సిరప్ కాచే షెడ్లకి కొదవలేదు. షుగర్‌హౌస్ అంటారు. దేశంలో తయారయ్యే మేపుల్ సిరప్‌లో సగం పక్కనున్న వెర్మాంట్‌దే అయినా, మా రాష్ట్రంలోనూ ఊరి బయటికి వెళ్తే నాలుగైదు కొండలకి ఒకటి కనిపిస్తుంది. ఇక్కడికొచ్చి పదకొండేళ్లయినా నేను ఒక్కదానికీ వెళ్లలేదు. ఇంటికొచ్చిన చుట్టాలని నయాగరాకి తీసుకెళ్తాం గానీ అరగంట దూరంలో ఉన్నదాన్ని పట్టించుకోం కదా.

ఫిబ్రవరి చివరి ఆదివారం బయల్దేరాం. పీటర్‌బరో దాటాక, మొనాడ్నాక్ కొండ కనిపించే రోడ్డు మీద, చేత్తో రాసిన బోర్డు చూసి లోపలికి తిప్పాం. రంగు వెలిసిన చెక్క షెడ్డు, కప్పు నడినెత్తిన ఇంకో చిన్న కప్పు, దానికి తలుపులు. ఆ తలుపులు మూసి ఉన్నాయి. ఒక పెద్దాయన బయట కట్టెలు చీలుస్తున్నాడు. బెల్లం వండటం చూడాలని వచ్చామన్నాను. బెల్లం అన్న మాట నా నోట్లోంచి నిజంగానే వచ్చేసింది, సర్దుకుని సిరప్ అన్నాను. "ఈ చలిలో చెట్లు కదలవమ్మా. రెండు వారాలాగి రండి" అన్నాడాయన. ఆ మధ్యాహ్నం సున్నాకి కింద ఎనిమిది డిగ్రీలు.

మమ్మల్ని ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక కాబోలు, షెడ్డు వెనక చెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక్కో మానుకి నడుమెత్తులో ఒక రేకు బకెట్, దాని మీద వాలుగా మూత. మూత ఎత్తి చూపిస్తే అడుగున గాజుపలకలా గడ్డకట్టిన నీళ్లు. బకెట్ తగిలించిన చిన్న గొట్టం వేలెడంతే ఉంది. చెట్టుకి వేసే కన్నం అంగుళంలో మూడో వంతు వెడల్పు కూడా ఉండదట, లోతు రెండంగుళాల లోపే. మాను కనీసం పది పన్నెండు అంగుళాల అడ్డకొలత ఉంటేనే ముట్టుకుంటారు. చెట్టు అంత కావాలంటే నలభై ఏళ్లు పడుతుంది.

మావయ్యగారు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. "తాటిచెట్టుకి లొట్టి కట్టినట్టే ఉంది. మరి రోజూ గీత వెయ్యరా?" అని అడగమన్నారు. నేను ఇంగ్లీషులో అడిగితే పెద్దాయనకి అర్థంకాలేదు. తాటిచెట్టెక్కి, గెలని రోజూ పలచగా చెక్కితేనే కల్లు ఊరుతుందని వివరించేసరికి ఆయన గొడ్డలి పక్కన పెట్టేశాడు. ఎంత ఎత్తు ఎక్కుతారు, దేంతో ఎక్కుతారు, రోజుకి ఎన్నిసార్లు అని ఎదురు ప్రశ్నలు. ఇక్కడ అదేం లేదు. ఏడాదికి ఒక్కసారి కన్నం, అది నాలుగు నుంచి ఆరు వారాలు పనిచేస్తుంది, ఆ తర్వాత చెట్టే పూడ్చుకుంటుంది. వచ్చే ఏడు కొత్త కన్నం కాస్త ఎడంగా.

నీళ్లు ఎందుకు కారతాయో కూడా ఆయనే చెప్పాడు. రాత్రి గడ్డకట్టాలి, పగలు కరగాలి. రెండూ జరగాలి. చలికి మాను లోపలి గాలి బుడగలు కుంచించుకుపోయి, వేళ్ల నుంచి నీళ్లు పైకి లాక్కుంటాయి. పొద్దున ఎండ తగలగానే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ కన్నం ఉంటే అక్కణ్ణుంచి బయటికి. వరసగా వారం చలేసినా కారదు, వరసగా వారం వెచ్చగా ఉన్నా కారదు. "అయితే ఇది చెట్టు పంట కాదమ్మా, వాతావరణం పంట" అన్నారు మావయ్యగారు నాతో.

ఆ తర్వాత లెక్క దగ్గర ఆయన ఆగిపోయారు. ఈ నీళ్లలో చక్కెర నూటికి రెండు పాళ్లే. నలభై గాలన్లు పైన మరిగిస్తే ఒక గాలన్ సిరప్. మావయ్యగారు వేళ్ల మీద ఏదో లెక్కేసి, "మా రసమైతే అయిదు బిందెలకి ఒక బిందె బెల్లం దిగుద్ది. నలభైకి ఒకటా! కట్టెలకే అమ్ముడైపోతారు కదా ఈళ్లు" అన్నారు. అది నేను తర్జుమా చేస్తే పెద్దాయన షెడ్డు పక్కన గోడలా పేర్చిన కట్టెల వైపు చెయ్యి చూపించి "మా ఆవిడా అదే అంటుంది" అన్నాడు. వెళ్లేటప్పుడు నా ఫోన్ నంబరు రాసుకున్నాడు, పారుతున్నప్పుడు చెప్తానని.

నేను ఆగలేదు. ఆగాల్సింది.

మార్చిలో మా రాష్ట్రంలో మేపుల్ వీకెండ్ పెడతారు. షుగర్‌హౌస్‌లన్నీ తలుపులు తీసి జనాన్ని రమ్మంటాయి. వెర్మాంట్, మసాచుసెట్స్, మెయిన్‌లలోనూ ఉంది ఈ సంబరం. ఆ శనివారం మా ఆయనా వస్తానన్నారు, ఈసారి ఇంకో పెద్ద చోటుకి వెళ్దామన్నారు. పేరు చెప్పను. రోడ్డు మీద నుంచే తెల్లటి ఆవిరి ఎగురుతూ కనిపించింది, పిల్ల వెనక సీట్లో చప్పట్లు కొట్టింది.

ముందు బురద సంగతి చెప్పాలి. మార్చిలో ఇక్కడి మట్టిరోడ్లు పైన కరిగి, కింద గడ్డకట్టే ఉంటాయి. నీళ్లు ఇంకే దారి లేక పైన పాయసంలా తయారవుతుంది. దీన్ని మడ్ సీజన్ అని ఒక రుతువు కిందే లెక్కేస్తారు. పార్కింగ్ అని చూపించిన పొలంలో మా కారు ముందు చక్రాలు సగానికి దిగబడ్డాయి. మా ఆయన యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ లోపలికి. మావయ్యగారు దిగి, "తొక్కకురా, తొక్కకు! బండి కూరుకుపోతే ఎద్దుని కొడితే వస్తాదా?" అని కేకేసి, కారులో కాళ్ల కింద పరిచే పట్టాలు లాగి చక్రాల ముందు వేశారు. కారు బయటికొచ్చింది. పట్టాలు ఇప్పటికీ సరిగ్గా శుభ్రం కాలేదు.

లోపల జాతర. పాన్‌కేక్‌ల వరసలో గంటం పావు నిలబడ్డాం. కొండ మీది చెట్ల నుంచి నీలం రంగు సన్న ప్లాస్టిక్ గొట్టాలు ఒకదానికొకటి కలుస్తూ దిగి, పెద్ద స్టీలు తొట్టెలో పడుతున్నాయి. వాక్యూమ్ పంపుతో లాగుతారట. బకెట్లు మోసే పనిలేదు. ఇంకో గదిలో రివర్స్ ఆస్మోసిస్ యంత్రం. మన ఇళ్లలో మంచినీళ్ల కోసం పెట్టుకునేదే, ఇక్కడ తిరగేసి వాడతారు: నీళ్లు పారబోసి చక్కెర ఉంచుకుంటారు. మరిగించకముందే చాలా భాగం నీళ్లు పోతాయి కాబట్టి గంటల కొద్దీ కట్టెలు, నూనె మిగులుతాయి. నాకు ఆ తెలివి నచ్చింది. మావయ్యగారు మాత్రం "వంట యంత్రం చేసేస్తే ఈళ్లు చేసేదేటి?" అన్నారు.

మరిగించే పెనం చుట్టూ తాడు కట్టి, జనాన్ని వరసలో నడిపిస్తున్నారు. ఆవిరి మేఘంలా లేస్తోంది, అందరూ ఫోన్లెత్తి వీడియోలు తీస్తున్నారు. మావయ్యగారు తాడు దగ్గర నిలబడి రెండుసార్లు గట్టిగా గాలి పీల్చారు. నా వైపు వంగి, "వాసన లేదమ్మా. పాకం మరుగుతుంటే వాసనేదీ?" అన్నారు. నాకూ అప్పుడే తట్టింది. ఇంత ఆవిరిలో నిలబడితే బాత్రూంలో వేన్నీళ్లు పట్టుకున్నట్టుందే తప్ప తీపి వాసన లేదు. అక్కడ నిలబడిన కాలేజీ కుర్రాణ్ణి మెల్లగా అడిగాను. అతను అటూ ఇటూ చూసి నిజం చెప్పేశాడు. మూడు రాత్రులుగా గడ్డకట్టలేదు, చెట్లు ఆగిపోయాయి, ఉన్నదంతా గురువారమే కాచేశారు. వచ్చినవాళ్లు నిరాశ పడకూడదని ఉత్త నీళ్లు మరిగిస్తున్నారు.

మా ఆయన నవ్వారు. మావయ్యగారు నవ్వలేదు. బయటికొచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. ఆయన్ని చూస్తే నాకు ఎందుకో సిగ్గేసింది, మోసం నేనే చేసినట్టు.

అయినా ఆ రోజు పూర్తిగా వృథా కాలేదు. చిన్న చిన్న కప్పుల్లో నాలుగు రకాల సిరప్ రుచి చూపించారు. బంగారు రంగుది, తేనె రంగుది, ముదురుది, బాగా ముదురుది. చెట్టు రకం కాదు, కాలం తేడా. సీజన్ మొదట్లో వచ్చే నీళ్లతో లేత రంగు. రోజులు వేడెక్కినకొద్దీ సూక్ష్మజీవులు చక్కెరని విడగొడతాయి, అలా విడిపోయిన చక్కెర మరుగుతున్నప్పుడు తొందరగా రంగు తిరుగుతుంది. ఖరీదులో మొదటిదానిదే పైచేయి, నాకు మాత్రం అది తీపి నీళ్లలా అనిపించింది. మూడోది నచ్చింది. మావయ్యగారు నాలుగోదాన్ని నాలిక మీద ఉంచుకుని, "ఇదిగో, దీనికి కొంచెం బెల్లం బుద్ధి ఉంది" అన్నారు.

ఇంకో బల్ల దగ్గర మంచు మీద పాకం పోస్తున్నారు. సిరప్‌ని ఇంకాస్త ముదిరేదాకా కాచి, పళ్లెంలో దిమ్మించిన మంచు మీద తీగలా పోస్తే అది పడ్డచోటే సాగే జీడిలా తయారవుతుంది. ఫోర్కుకి చుట్టుకుని తినాలి. దాంతోపాటు ఒక డోనట్, ఒక ముక్క దోసకాయ ఊరగాయ ఇచ్చారు. ఊరగాయ ఎందుకని మా పిల్ల మొహం చిట్లించింది. తీపి మొహం మొత్తితే పులుపు కొరికి, మళ్లీ తీపి మొదలుపెట్టడానికట. బెల్లం ఆవకాయ తినే ఇంట్లో దీనికి వివరణ అవసరంలేదు. మావయ్యగారు నీళ్ల గ్లాసులో పాకం చుక్క వేసి ఉండ కట్టిందో లేదో చూసే మనిషి. ఇక్కడ నీళ్ల బదులు మంచు అంతే అని, మూడు పళ్లేలు తిన్నారు. షుగర్ ఉంది ఆయనకి. మా ఆయన అడ్డుపడబోతే నేనే ఆపాను.

గోడకి పాత చెక్క అచ్చులు వేలాడదీశారు. ఒకప్పుడు ఇక్కడా సిరప్ తక్కువ, గట్టి చక్కెర దిమ్మలే ఎక్కువట. సీసాలూ డబ్బాలూ లేని రోజుల్లో పాకం నిలవ ఉండదు, దిమ్మ ఏడాదంతా ఉంటుంది. తెల్లవాళ్లు రాకముందే అబెనాకీలు, ఇంకా ఇతర ఆదివాసులు ఈ చెట్ల నీళ్లతో చక్కెర చేసేవాళ్లు, వాళ్ల దగ్గరే వీళ్లు నేర్చుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో, కరీబియన్ దీవుల చెరకు చక్కెర బానిసల చెమటతో తయారవుతోందని, దాని బదులు మేపుల్ చక్కెర వాడమని ప్రచారం చేసినవాళ్లున్నారు. వాళ్లలో ఒకడు, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్, 1791లో వర్జీనియాలో తన ఎస్టేట్‌లో ఈ మొక్కలు నాటించి చూశాడు, ఫలించలేదు. తన పొలంలో బానిసలని పెట్టుకుని ఆయన ఆ మాట ఎలా అన్నాడో. తర్వాత చెరకు చక్కెర చవకైపోయింది, దిమ్మలు పోయి సిరప్ మిగిలింది. అచ్చుని చేత్తో తడుముతూ ఇదంతా మావయ్యగారికి చెప్పాను. "చెరకు ఈళ్ల నోరు కొట్టిందన్నమాట" అన్నారు, కాస్త సంతోషంగానే.

ఆ తర్వాత మంగళవారం మూడింటికి ఫోన్ మోగింది. కట్టెల పెద్దాయన. "నిన్న రాత్రి గట్టిగా గడ్డకట్టింది, ఇవాళ కుళాయిలా పారుతోంది. అయిదింటికి పొయ్యి ముట్టిస్తాను, అర్ధరాత్రి దాకా ఇక్కడే ఉంటాను." పిల్లకి మర్నాడు స్కూలు, నాకు ఏడున్నరకి మీటింగు. మా ఆయనకి మెసేజ్ పెట్టి బయల్దేరాను.

చీకటి పడుతుండగా మలుపు తిరిగాం. కిటికీ దించమన్నారు మావయ్యగారు. చలి గాలితోపాటు వాసన లోపలికొచ్చింది. ఎలా చెప్పాలి? వేయించిన జీడిపప్పు, కాలిన పంచదార, తడి కట్టె, ఇవన్నీ కలిపితే దాదాపు అది. షెడ్డు నెత్తిన తలుపులు రెండూ తెరిచి ఉన్నాయి, లోపలి బల్బు వెలుగులో ఆవిరి నారింజ రంగులో పైకి పోతోంది. "ఇదమ్మా" అన్నారు ఆయన. ఇంకేం అనలేదు.

పెనం రెండున్నర అడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉంటుంది. కింద ఇటుకలు పేర్చిన ఇనప పొయ్యి. ఏడెనిమిది నిమిషాలకోసారి పెద్దాయన తలుపు తీసి, నాలుగు కట్టెలు అడ్డదిడ్డంగా విసిరి, టక్కున మూసేస్తాడు. తలుపు ఎక్కువసేపు తెరిస్తే మరగడం పడిపోతుంది. వెనక భాగం అడుగు మడతలు మడతలుగా ఉంది, మంట ఎక్కువ మేర తగలడానికి. పైనున్న తొట్టె నుంచి చెట్టు నీళ్లు అక్కడ పడతాయి. అక్కణ్ణుంచి అడ్డగోడల మధ్య పాములా తిరుగుతూ, తిరిగినకొద్దీ చిక్కబడుతూ ముందు భాగానికొస్తాయి. ముందు మూలలో ఒక కుళాయి. అక్కడికొచ్చేసరికి పాకం అయి ఉంటుంది.

మావయ్యగారు ఆ దారిని వేలితో గాల్లో గీసుకుంటూ మూడుసార్లు చుట్టొచ్చారు. తర్వాత నా భుజం పట్టుకుని, "అంటే పెనం దించరా?" అన్నారు. దించరు మావయ్యగారూ అన్నాను. నాకు ఆ ప్రశ్న బరువు తెలీలేదు. ఆయనే చెప్పారు. వాళ్ల ఊళ్లో పెనం ఒక్కటే. రసమంతా ఒకేసారి పోసి, సున్నం వేసి, బెండకాడల జిగురు వేసి, మడ్డి తీసి, పాకం వచ్చిన క్షణంలో నలుగురైదుగురు వాసాలు దూర్చి లేపి పక్కకి దించాలి. ఒక్కరు కాలు జారినా కాళ్ల మీద పడేది మరిగే పాకం. ఆయన పెదనాన్న కొడుకు ఎడమ పాదం అలాగే పోయింది. "ఇలా ఒక మూలనుంచి పోసి ఇంకో మూలనుంచి తీసెయ్యడం మాకెవడికీ తట్టలేదు" అన్నారు. చెరకు రసం చిక్కదనం వేరు, అడుగంటడం వేరు, ఇదే పద్ధతి అక్కడ పనిచేస్తుందో లేదో నేను చెప్పలేను. కానీ ఆయన ఆ కుళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డారు.

ఒక్కసారిగా ముందు భాగంలో నురగ లేచింది, అంచుల దాకా వచ్చేసింది. నేను వెనక్కి గెంతాను. పెద్దాయన జేబులోంచి తీసినట్టే ఒక వెన్న ముక్క తీసి అంచున తాకించాడు. నురగ పొంగిన పాల మీద నీళ్లు చిలకరించినట్టు కూర్చుండిపోయింది. మావయ్యగారు పెద్దగా నవ్వేశారు. వాళ్లు నూనె చుక్క వేస్తారట. తర్జుమా అడగకుండానే ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని తలూపుకున్నారు.

పాకం అయిందని ఎలా తెలుస్తుంది? నీళ్లు మరిగే వేడి కన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపించాలి థర్మామీటరు. నూట నాలుగు అనుకుంటే సరిపోదు, గాలి ఒత్తిడిని బట్టి నీళ్లు మరిగే వేడి రోజుకోలా ఉంటుంది కాబట్టి పొద్దున్నే ఉత్త నీళ్లు కాచి చూసుకోవాలి. తర్వాత పొడుగాటి గ్లాసులో పాకం పోసి హైడ్రోమీటరు వదలాలి. వేడి మీద చూడటానికి ఒక ఎర్ర గీత, చల్లారాక చూడటానికి ఇంకోటి. గీత దాటి పలచగా ఉంటే పులిసిపోతుంది, మరీ చిక్కగా ఉంటే సీసా అడుగున పలుకులు కడుతుంది. ఇవన్నీ చూపించాక ఆయన ఒక వెడల్పాటి రేకు గరిటె ముంచి పైకెత్తాడు. అంచు నుంచి ముందు చుక్కలుగా పడ్డాయి. ఇంకో నిమిషం. మళ్లీ ఎత్తాడు. రెండు చుక్కలు దగ్గరికి జరిగి, కలిసి, పలచటి తెరలా వేలాడి తెగాయి.

"వచ్చింది" అన్నారు మావయ్యగారు తెలుగులో. పెద్దాయన చెయ్యి అప్పటికే కుళాయి మీద ఉంది. తర్వాత హైడ్రోమీటరు వదిలి చూస్తే ఎర్ర గీత మీదే నిలిచింది.

అక్కణ్ణుంచి పదిన్నర దాకా ఆయన్ని కదపలేకపోయాను. కట్టెలు అందించారు. గరిటె తీసుకుని తనే చూశారు. తీసిన సిరప్‌ని మందపాటి ఉన్ని గుడ్డ సంచిలోంచి వడకడితే అడుగున బూడిద రంగు ఇసకలాంటిది మిగిలింది. చెట్టు లోపలి ఖనిజాలే మరిగి గట్టిపడి అలా అవుతాయట, షుగర్ శాండ్ అంటారు. మావయ్యగారు వేలితో తీసి నలిపి, పళ్ల మధ్య పెట్టి చూశారు. పెద్దాయన అయిదేళ్ల కిందటి కథ చెప్పాడు. తెల్లవారుజామున రెండింటికి కుర్చీలో కునుకు పట్టిందట, పైతొట్టె ఖాళీ అయ్యింది. కళ్లు తెరిచేసరికి ముందు పెనం అడుగు ఎర్రగా కాలి కన్నం పడింది. కొత్తది కొనాల్సొచ్చింది. దీనికి మాత్రం మావయ్యగారు తన కథ చెప్పలేదు, ఉందని నాకు తెలిసినా.

ఆ రాత్రి మూడు వందల యాభై గాలన్ల నీళ్లకి మొత్తం ఎనిమిది గాలన్ల సిరప్ దిగింది. మేము బయల్దేరేటప్పటికి అందులో ఇంకా రెండు గాలన్లు దిగాల్సి ఉంది, మర్నాడు ఫోన్‌లో చెప్పాడు. ఒక క్వార్టు, అంటే దాదాపు లీటరు సిరప్ కొనుక్కుని, రెండు గాలన్ల పచ్చి నీళ్లు అడిగి తెచ్చుకున్నాను. మనమూ కాచి చూద్దామని. ఇది నా పొరపాటు, మీరు చెయ్యకండి. మర్నాడు సాయంత్రం స్టవ్ మీద పెద్ద గిన్నెలో పెట్టాను. మూడు గంటలకి వంటింటి కిటికీలన్నీ చెమర్చి, అల్మరా తలుపులు జిడ్డు పట్టాయి. స్మోక్ అలారం రెండుసార్లు కూసింది. చివర్లో మావయ్యగారు "దించెయ్" అన్నారు. నేను థర్మామీటరు చూస్తూ ఇంకో అర డిగ్రీ ఉంది అన్నాను. అది అర నిమిషం కూడా పట్టలేదు. ముప్పావు గ్లాసు సిరప్ రావాల్సిన చోట నల్లటి చిటపటలాడే ముద్ద. ఆయన ఏమీ అనకుండా గిన్నె తీసుకెళ్లి సింకులో నీళ్లు పట్టారు.

ఏప్రిల్ మొదటి వారంలో మళ్లీ వెళ్దామని ఫోన్ చేస్తే అయిపోయిందన్నాడు పెద్దాయన. రెండు రాత్రులుగా కుంటల దగ్గర చిట్టి కప్పలు అరుస్తున్నాయట. కప్పలు మొదలెట్టాయంటే చెట్లు చిగురుకి వచ్చేశాయని లెక్క, ఇక ఆ నీళ్లతో కాస్తే సిరప్‌కి మొగ్గ కంపు వస్తుంది. ఇప్పుడు కూర్చుని మూడు వందల బకెట్లు కడుక్కోవాలి అన్నాడు, నిట్టూరుస్తూ. స్పీకర్‌లో వింటున్న మావయ్యగారు "ఎన్ని అన్నాడు?" అని అడిగారు. చెప్పాను. "ఒక్కడేనా?" అన్నారు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి అక్కడున్నాం. మావయ్యగారు లుంగీ తెచ్చుకున్నారు, చలికి కట్టుకోలేకపోయారు. ప్యాంటు మడిచి, వేన్నీళ్ల తొట్టె దగ్గర పీట లాంటిదొకటి వెతుక్కుని కూర్చున్నారు. ఆయన తోముతుంటే పెద్దాయన జాడిస్తున్నాడు, మా పిల్ల ఎండలో బోర్లిస్తోంది. మా ఆయన మాత్రం పక్కన నిలబడి విజిటర్ వీసా మీద పని చెయ్యకూడదని మూడుసార్లు గుర్తుచేశారు. "జీతం తీసుకుంటే కదరా పని" అన్నారు మావయ్యగారు, బకెట్ మీంచి తల ఎత్తకుండా. మధ్యాహ్నం వెళ్లేటప్పుడు పెద్దాయన చివరి వంటది, అన్నిటికన్నా నల్లటిది, ఒక అర గాలన్ డబ్బా ఆయన చేతిలో పెట్టాడు. మా ఆయన నా వైపు చూశారు. నేను కారు తాళం తీశాను.